పిల్లలకు చెప్పని సగం

మెదక్‌లో ఇప్పుడు ఆమెను 'ఏసీబీ యేసమ్మ' అంటారు. గౌరవంతో అనేవాళ్లు కొద్దిమంది. ఎక్కువమంది ఒకరికొకరు జాగ్రత్త చెప్పుకోవడానికే అంటారు. ఆమె ఏ ఆఫీసు గడప తొక్కినా లోపల కళ్లతో సైగలు మొదలవుతాయి, అప్పటిదాకా తెరిచి ఉన్న సొరుగులు మూతబడతాయి. లంచం అడిగినవాణ్ణి పట్టించినందుకు ఊరు ఆమెకు ఇచ్చుకున్న బిరుదు అది.

యేసమ్మ దర్జీ. వయసు నలభై అయిదు దాటింది. భర్త గాబ్రియేలు రామాయంపేట రూట్లో ఆటో నడుపుతాడు. ఆమె మహిళా సంఘం తరఫున సర్కారు బడి పిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఎండాకాలం సెలవుల్లో గుడ్డ తానులు వస్తాయి, బడి తెరిచేలోపు కుట్టి అప్పగించాలి. కుట్టగా మిగిలిన గుడ్డను కొందరు దిండు గలేబులకో పిల్లల లాగులకో వాడుకుంటారు. యేసమ్మ మాత్రం ఆ ముక్కలన్నీ బస్తాలో కుక్కి బట్టలతోపాటే బడికి పంపిస్తుంది. తోటి ఆడవాళ్లు నవ్వినా ఆ అలవాటు మానలేదు.

అద్దె ఇంట్లో మిషన్ల చప్పుడుకు యజమానులు విసుక్కుంటుంటే, దంపతులు ఇద్దరూ కూడబెట్టుకుని ఖిల్లా కింది వాడలో ఒక చిన్న ఇల్లు కొన్నారు. అమ్మినామె రిటైరైన నర్సు. రిజిస్ట్రేషన్ యేసమ్మ పేరు మీద అయింది. ఇక ఇంటి పన్ను రికార్డులో పేరు మారాలి. అది మారితేనే ముందు గదిలో దుకాణానికి కరెంటు మీటరు వస్తుంది, మోటారు మిషన్లకు బ్యాంకు అప్పు ఇస్తుంది. ఇందుకోసమే ఆమె ఊళ్లోని ఒక ఆఫీసుకు పోయింది. అది ఏ ఆఫీసన్నది ఇక్కడ ముఖ్యం కాదు.

అక్కడ ఆ సీటులో ఉన్నది నర్సింగం అనే గుమస్తా. మొదటిసారి కాగితాలు చూసి అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడు. రెండోసారి రేపు రమ్మన్నాడు. మూడోసారి ఎనిమిది వేలు అడిగాడు. తను సర్కారు బడి బట్టలు కుట్టుకుని బతికేదాన్నని, అన్ని కాగితాలూ ఉండగా ఎందుకివ్వాలని ఆమె అడిగింది. అతనికి కోపం రాలేదు. చెల్లెలికి లోకం తీరు విప్పి చెప్పే అన్నలాగా నవ్వుతూ, ఓపిగ్గా చెప్పాడు.

"అమ్మా, నువ్వు సర్కారు బట్టలు కుడ్తవు గదా. అండ్ల మిగిలిన గుడ్డ ఇంటికి పట్కపోతలేవా? నేను గూడ గంతే. ఎవరి కాడ మిగిలేది వాళ్లకు."

యేసమ్మ కాగితాలు తీసుకుని బయటికి వచ్చేసింది. కోపంతో రాందాస్ చౌరస్తా దాటేదాకా ఆగకుండా నడిచింది. ఎనిమిది వేలు అడిగినందుకు అంత కోపం వచ్చేది కాదని తర్వాత ఎంతోమందితో చెప్పింది. తనను కూడా దొంగల జాబితాలో కలిపేసి, అది చాలా మామూలు సంగతి అన్నట్టు నవ్వాడు చూడు, అది ఓర్చుకోలేకపోయింది. నర్సింగం కుర్చీ వెనక గోడకు అవినీతి నిరోధక శాఖ బోర్డు ఉంది. లంచం అడిగితే ఫోన్ చేయమని దాని మీద ఒక నంబరు. ఆ బోర్డు కిందే కూర్చుని అతను రేటు చెప్పాడు. ఇంటికి వచ్చాక ఆమె ఆ నంబరుకు ఫోన్ చేసింది.

గాబ్రియేలుకు ఇది నచ్చలేదు. "మనం గీ ఊర్లనే బతకాలె. రేపు ఇంకో పనికి మల్ల గా ఆఫీసుకే పోవాలె" అన్నాడు. అతను పిరికివాడని కాదు. ఆటో నడిపేవాడికి రోడ్డు మీద ఎంతమందితో పని పడుతుందో అతనికి తెలుసు.

ఏసీబీ శాఖవాళ్లు మామూలు బట్టల్లో వచ్చారు. పొడి చల్లిన నోట్లు ఆమె చేతికిచ్చి, ఎలా ఇవ్వాలో చెప్పారు. నర్సింగం వాటిని తీసుకుని సొరుగులో వేసుకున్నాడు. మరుక్షణం వాళ్లు లోపలికి వచ్చి అతని వేళ్లను గ్లాసులోని సోడా కలిపిన నీళ్లలో ముంచారు. నోట్లు ముట్టినట్టు రుజువుగా నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. అతను ఏడ్చాడు. ఆ ఏడుపు చూస్తే తనకు సంతోషం కలగలేదని యేసమ్మ చెబుతుంది.

కొన్నాళ్లు అందరూ మెచ్చుకున్నారు. పేపరు జిల్లా పేజీలో వార్త వచ్చింది. చర్చిలో పెద్దలు ఆమె కోసం ప్రార్థన చేశారు. మిఠాయి కొట్టువాడు డబ్బులు వద్దన్నాడు. ఆ తర్వాత మొదలైంది అసలు సంగతి.

ఆమె పేరు మార్పిడి కాలేదు. ఆఫీసుకు పోతే ఫైలు కేసులో భాగంగా కోర్టుకు పోయిందన్నారు. కొత్త దరఖాస్తు ఇస్తానంటే, పాతది తెమలకుండా కొత్తది తీసుకునేది లేదన్నారు. పెద్ద అధికారిని కలుస్తానంటే సెలవులో ఉన్నారన్నారు. ఎవరూ ఆమెను తిట్టలేదు, గట్టిగా ఒక మాట అనలేదు. తల ఎత్తి చూడకుండా, "కూసోమ్మా" అని కూడా అనకుండా, ఆమె నిలబడి ఉన్న చోట ఎవరూ లేనట్టే పని చేసుకునేవారు. ఒకరోజు వెనక వరసలో ఉన్న ఆడమనిషి ఆమె మోచెయ్యి తట్టి, "అక్కా, జర పక్కకు జరుగు. నిన్ను జూస్తే మా పని గూడ ఆపుతరు" అంది. పాపం, ఆమె కూడా ఏదో సర్టిఫికెట్ కోసం పనికి నాగా పెట్టుకుని వచ్చిన మనిషే. యేసమ్మ పక్కకు జరిగింది.

సంఘంలో కూడా అంతే. బట్టలు కుట్టు, ఆఫీసుల్లో సంతకాలకు మాత్రం మాతో రాకు అని సంఘం లీడరు మెల్లగా చెప్పింది. మీటరు లేదు, బ్యాంకు అప్పు లేదు. మోటారు మిషన్ల మాట పక్కకు పోయింది. కాళ్లతో తొక్కే పాత మిషన్ మీదే ఆమె రెండు ఎండాకాలాలు యూనిఫారాలు కుట్టింది. రెండో ఏడు మోకాళ్లు వాచి దవాఖానకు తిరిగింది. నర్సింగం మాత్రం కొంతకాలం సస్పెన్షన్‌లో ఉండి, తూప్రాన్ వైపు ఇంకో ఆఫీసులో మళ్లీ కుర్చీ ఎక్కాడు. ఆ కబురు గాబ్రియేలుకు ఆటోలో ఎక్కినవాళ్లు చెప్పారు. లంచం తీసుకున్నవాడికి కుర్చీ, ఫ్యాను, నెల జీతం తిరిగొచ్చాయి. ఇవ్వనన్న మనిషి వరసలోనే నిలబడి ఉంది. ఇది చూసి ఊళ్లో ఎవరు ఏం నేర్చుకోవాలి?

ఇలా ఉండగా ఆ ఆఫీసుకు అమరేందర్ అనే కొత్త అధికారి వచ్చాడు. పడుచు వయసు, మాట మెత్తన. డిసెంబర్‌లో అవినీతి వ్యతిరేక దినం వస్తోందని, ఆడపిల్లల సర్కారు బడిలో సభ పెడుతున్నామని, పిల్లల ముందు ఆమెకు సన్మానం చేస్తామని స్వయంగా దుకాణానికి వచ్చి చెప్పాడు. ఆమె ముందుగా తన ఫైలు సంగతి అడిగింది. తప్పకుండా చూస్తానని, ముందు ఈ ప్రోగ్రాం అయిపోనిమ్మని అన్నాడు. పిల్లలకు ఏం చెప్పాలో కూడా చెప్పాడు: లంచం ఇవ్వకండి, అడిగితే ఈ నంబరుకు ఫోన్ చేయండి, నేను చేశాను, మీరూ చేయగలరు. అంతవరకు చాలు. పిల్లలు భయపడే మాటలు వద్దు.

యేసమ్మ ఒప్పుకుంది. కొత్త మనిషి, మంచివాడేమో, ఈయన చేతుల మీదుగానైనా పని అవుతుందేమో అనుకుంది.

సభ బడి ఆవరణలో జరిగింది. ప్రధానోపాధ్యాయురాలు గోదావరి టీచర్ అన్నీ దగ్గరుండి చూసుకుంది. ఆడపిల్లలు వరసల్లో నిలబడి కుడిచేతులు ముందుకు చాచి, లంచం ఇవ్వం, తీసుకోం అని ప్రమాణం చేశారు. వ్యాసాలకు బహుమతులిచ్చారు. అమరేందర్ యేసమ్మకు శాలువా కప్పాడు. ఆమె మైకు ముందుకొచ్చి అతను చెప్పమన్నది చెప్పమన్నట్టే చెప్పింది. చెబుతున్నంతసేపూ వేరే ఎవరి కొలతలతోనో కుట్టిన జాకెట్టు తొడుక్కున్నట్టు ఆమెకు ఎక్కడో బిగుసుకుంటూనే ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తర్వాత ప్రశ్నలు. ముందే రాసిచ్చిన ప్రశ్నలు ఇద్దరు పిల్లలు అడిగి కూర్చున్నారు. అప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె తనంతట తానే లేచింది. పేరు రిషిత.

"ఆంటీ, మరి మీ ఇల్లు మీ పేరు మీదికి అయ్యిందా?"

వేదిక మీద కూర్చున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రాసెస్ నడుస్తోందంటూ అమరేందర్ మైకు కోసం చెయ్యి చాచాడు. యేసమ్మ మైకు ఇవ్వలేదు. ఆ పిల్ల వేసుకున్న యూనిఫారం తన సంఘం కుట్టినదే. నిలబడి జవాబు కోసం చూస్తోంది.

"కాలేదు బిడ్డా" అంది యేసమ్మ. "రెండేండ్లు దాటింది. ఇంక కాలే. నేను మీకు సగమే చెప్పిన. సగమే చెప్పమన్నరు, సగమే చెప్పిన."

ఆపైన ఆమె ఆగలేదు. ఫైలు లేదన్న సంగతి, వరసలోంచి పక్కకు జరగమన్న సంగతి, నర్సింగం మళ్లీ కుర్చీ ఎక్కిన సంగతి, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పింది. ఇవన్నీ మాట్లాడే వేదిక ఇది కాదని అమరేందర్ పక్కనుంచి మెల్లగా అన్నాడు. ఆమె అతని వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"మరి ఏది వేదిక సార్? మీ ఆఫీసుల నిలబడితే నన్ను ఎవ్వరు జూడరు. గీడ నిలబడితే మాట్లాడొద్దంటున్నరు. ఈ పిల్లలతోని చేతులు సాపిచ్చి ప్రమాణం జేయించిండ్రు. మీ ఆఫీసుల ఎవరితోనైన జేయించిండ్రా?"

మైకు ఆపమని ఎవరో గోదావరి టీచర్‌కు సైగ చేశారు. ఆమె చూసి కూడా చూడనట్టు కూర్చుంది. రిషిత ఇంకా నిలబడే ఉంది. ఇంకో ప్రశ్న అడిగింది.

"మరి గట్లయితే, మేమెందుకు ఫోన్ చేయాలె ఆంటీ?"

యేసమ్మ, నాకు తెల్వదు బిడ్డా అని నిజమే చెప్పి, మైకు అక్కడ పెట్టి దిగిపోయింది. ఇంటికి పోయాక ఆ రాత్రంతా ఆమెను ఏడిపించింది అదే. ఆఫీసువాళ్ల మీద కోపం ఎప్పటినుంచో ఉన్నదే. ఒక పిల్ల న్యాయంగా ఒక మాట అడిగితే చెప్పడానికి తన దగ్గర ఏమీ లేకుండా చేశారే అన్నది కొత్త కోపం.

ఆ మాటలన్నీ ఎవరో ఫోన్‌లో తీశారు. ఊళ్లోని వాట్సాప్ గ్రూపులన్నింట్లో అవి తిరిగాయి. వారం తిరగకముందే ఆఫీసు నుంచి మనిషి వచ్చి, మీ కాగితం తయారైంది, సార్ రమ్మంటున్నారని చెప్పాడు.

యేసమ్మ పోయింది. అంతకు ముందు కంటికి ఆననట్టు ఉన్నవాళ్లే లేచి కుర్చీ వేశారు, చాయ్ తెప్పించారు. పన్ను రికార్డులో ఆమె పేరు ఎక్కింది, ముద్ర పడింది. ఫైలు కోర్టులో ఉండె గదా, ఎట్ల వచ్చిందని ఆమె అడిగింది. నకలు పెట్టి చేశామని అమరేందర్ అన్నాడు. నకలుతో అయ్యే పనే అయితే రెండేళ్లు ఎందుకు తిప్పారని ఆమె మళ్లీ అడిగింది. అతను మాట మార్చి అసలు సంగతికి వచ్చాడు. ఈ కాగితాన్ని సోమవారం బడిలో, అదే పిల్లల ముందు ఆమెకు అందించాలని, పేపరువాళ్లు కూడా వస్తారని, వ్యవస్థ మీద పిల్లలకు నమ్మకం కలగాలంటే ఇది అవసరమని నచ్చజెప్పాడు.

యేసమ్మ చాయ్ ముట్టలేదు. తనకు ఒళ్లంతా మండిపోయిందని చెప్పింది తర్వాత. రెండేళ్లు తను పడ్డదంతా, ఆ మోకాళ్ల వాపులు, వరసలో అవమానాలు, అంతా అవసరం లేకుండానే పడ్డది. చేయాలనుకుంటే వారంలో అయ్యే పని. పిల్ల సభలో అడిగితే అయ్యింది. అడగకపోతే అయ్యేదే కాదు. ఇప్పుడు దాన్ని పట్టుకుని నవ్వుతూ ఫోటో దిగాలట.

"నా కాయితం నాది సార్. ఇస్తుండ్రు, తీస్కుంటున్న" అంది. "ఫోటోకు మాత్రం రాను. నాతోని లైన్ల నిలబడ్డోళ్లవి బయట ఇంక మస్తున్నయి. వాళ్లయి గూడ చేయుండ్రి. అప్పుడు పిలువుండ్రి, అందరం కలిసి దిగుదాం."

సంతకం చేసి, కాగితం సంచిలో పెట్టుకుని వచ్చేసింది. ఆ సాయంత్రం గాబ్రియేలుతో గొడవయింది. అయ్యింది గదా, ఇగ ఊకో, ఒక్క ఫోటోతో పోయేదేముంది అన్నాడు. పగబట్టి నీ మీటరు ఆపితే ఏం చేస్తావన్నాడు. నాది ఒక్కదానిదే అయ్యింది అని ఆమె అంది. అతను అన్నం ముందు నుంచి లేచి పోయి ఆటోలో పడుకున్నాడు. పొద్దున మాత్రం మీటరు దరఖాస్తుకు తనే ఆటోలో తీసుకుపోయాడు.

సభలో జరిగినదానికి పైవాళ్లు గోదావరి టీచర్‌ను సంజాయిషీ అడిగారు. కార్యక్రమాన్ని అదుపులో పెట్టలేకపోయిందని ఆమె మీద తప్పు మోపారు. దొంగతనాన్ని అదుపు చేయలేని వాళ్లకు ఒక ఆడపిల్ల అడిగిన రెండు ప్రశ్నలను అదుపు చేయాల్సి వచ్చింది. సంజాయిషీ రాసిచ్చి, ఒక సాయంత్రం ఆమె యేసమ్మ దుకాణానికి వచ్చింది. కుట్టించుకునేదేమీ లేదు. బల్ల మీద కూర్చుని, నీతి పాఠం పీరియడ్‌లో ఏం చెప్పబోయినా పిల్లలు నవ్వుతున్నారని చెప్పింది.

"నేను గూడ ఇన్నేండ్లు సగమే చెప్పిన యేసమ్మా. మీరు రాండ్రి. స్టేజి వద్దు, మైకు వద్దు. క్లాసుల కూసోని మొత్తం చెప్పుండ్రి."

యేసమ్మ పోయింది. ఎనిమిదో తరగతి గదిలో టీచర్ కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఫిర్యాదు చేస్తే మంచి జరుగుతుందని నేను చెప్పలేను, నాకు జరగలేదు అని మొదటే చెప్పేసింది. ఆఫీసుకు ఒంటరిగా పోవద్దని, ఇచ్చిన దరఖాస్తుకు రసీదు లేకుండా తిరిగి రావద్దని, ఎందుకు కాదో కాగితం మీద రాసివ్వమని అడగాలని చెప్పింది. తను ఇవేవీ మొదట్లో చేయలేదని కూడా చెప్పింది. ఆపైన పిల్లలను ఒక మాట అడిగింది. మీ ఇండ్లల్లో కులం సర్టిఫికెట్‌కో, ఆదాయం సర్టిఫికెట్‌కో, ఇంకే పనికో పైసలిచ్చింది ఎవరెవరు?

ముందు ఒక చెయ్యి లేచింది. దాని వెనక మరొకటి. కాసేపటికి గదిలో దాదాపు అందరి చేతులూ పైన ఉన్నాయి. చేతులైతే ఎత్తారు కానీ తలలు వంచుకున్నారు. అప్పుడు కిటికీ దగ్గర నిలబడ్డ గోదావరి టీచర్ కూడా చెయ్యెత్తింది. తన తల్లి దవాఖాన బిల్లు పాస్ కావడానికి ఇచ్చానంది. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు.

యేసమ్మ గొంతు ఆ గదిలో ఒక్కసారే హెచ్చింది. "తలకాయలెందుకు వంచుకుంటుండ్రు? మీరు వంచుకునుడేంది? తీసుకున్నోడు ఒక్కడన్న వంచుకున్నడా? వాడు మంచిగ దర్జాగ తిరుగుతుండు. మీ అమ్మలు, మీ నాయినలు కూలి అడ్డ మీద నిలబడి, బీడీలు జేసి తెచ్చిన పైసలు తిన్నడు. సిగ్గు వాడిది. మీరు తలెత్తుండ్రి."

ఒక్కొక్కరే తలలెత్తారు. రిషిత అందరికంటే ఆలస్యంగా ఎత్తింది. యేసమ్మ ఆ పిల్ల వైపు చూసి చెప్పింది. "నువ్వు ఎందుకు ఫోన్ చేయాలె అని అడిగినవు. నేను ఒక్కదాన్నే చేసిన, గందుకే నన్ను పక్కకు జరిపిండ్రు. గీ రూముల ఇన్ని చేతులున్నయి. ఇందరిని ఏడికి జరుపుతరు?"

అది పూర్తి జవాబు కాదని ఆమెకూ తెలుసు. కానీ ఆ వారమే రిషిత తల్లి, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు దుకాణానికి వచ్చారు. స్కాలర్‌షిప్ కోసం ఆదాయం సర్టిఫికెట్లు కావాలి. అయిదుగురూ కలిసి పోయారు. రసీదులు అడిగారు. గుమస్తా విసుక్కున్నాడు, సర్వర్ పనిచేయడం లేదన్నాడు. వాళ్లు అక్కడే బెంచీ మీద కూర్చున్నారు. మధ్యాహ్నం దాటాక రసీదులు చేతికొచ్చాయి. సర్టిఫికెట్లు వచ్చేసరికి నెల పట్టింది, ఒకరిది తిప్పి పంపారు కూడా. అయినా ఎవరూ పైసా ఇవ్వలేదు. అప్పటి నుంచి ఎవరికైనా తోడు కావాలంటే యేసమ్మ మిషన్ మీద గుడ్డ కప్పి బయల్దేరుతుంది. సంఘం లీడరు ఇప్పటికీ ఆమెను సంతకాలకు వెంట తీసుకుపోదు. గాబ్రియేలు సణుగుతూనే ఆటో తీస్తాడు.

నర్సింగం కేసు మొన్నమొన్నటిదాకా వాయిదాల మీద వాయిదాలు పడింది. చివరికి సాక్ష్యానికి పిలుపొచ్చి ఆమె హైదరాబాద్ పోయింది. కోర్టు వరండాలో నర్సింగం ఎదురై, "బాగున్నవా అమ్మా" అని చుట్టాన్ని పలకరించినట్టు పలకరించాడు. ఆమె అతన్ని దాటుకుని లోపలికి నడిచింది. లోపల అతని వకీలు ఆమెను గుచ్చిగుచ్చి అడిగాడు. పాత పగతో నోట్లు బలవంతంగా సొరుగులో పెట్టావు కదా అన్నాడు. తను అబద్ధాలకోరని నిరూపించడానికి అంత చదువుకున్న మనిషి అంతసేపు కష్టపడటం చూసి ఆమెకు కోపం వచ్చింది. కానీ జరిగింది జరిగినట్టే, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. జడ్జి రాసుకున్నాడు. తీర్పు రాలేదు. మళ్లీ వాయిదా.

మరుసటి వారం ఆమె బడికి పోయి ఇదంతా పిల్లలకు చెప్పింది. రిషిత ఇప్పుడు తొమ్మిదో తరగతి. తీర్పు ఎప్పుడొస్తుందని అడిగింది.

"తెల్వదు బిడ్డా" అంది యేసమ్మ. "వాడు తప్పించుకున్నా సరే, వచ్చి మీకు చెప్త."